పద్నాలుగో పేజీ

ప్రతి శుక్రవారం అక్కాచెల్లెళ్లిద్దరూ మైకు ముందు కూర్చుని, ఆ వారం వచ్చిన కొత్త కామిక్స్ మంచిచెడ్డలు శ్రోతలకు చెప్పేవారు. ఆరేళ్లలో ఒక్క పుస్తకాన్నీ వదిలిపెట్టలేదు. ఈసారి మాత్రం అక్క ఒకదాన్ని పక్కకు తోసేసింది.

"ఇది వద్దులేవే. గీసినవాళ్లు పేరు కూడా వేసుకోలేదు. టైమ్ దండగ."

చెల్లెలు ఊరుకోలేదు, తీసి చదివింది.

పద్నాలుగో పేజీలో ఆసుపత్రి గది. మంచం మీద తల్లి ప్రాణం పోతోంది. పక్కనే కుర్చీలో కూతురు ఆదమరిచి నిద్రపోతోంది. అమ్మ పోయిన రోజు చెల్లెలూ అలాగే నిద్రపోయింది. తొమ్మిదేళ్లుగా తనను తినేస్తున్న ఆ సంగతిని ఒక్క అక్కకే చెప్పుకుంది, అదీ ఒట్టు వేయించుకుని.

"నువ్వే గీశావు కదూ?"

అక్క తల దించుకుంది. "నీ పేరెక్కడా పెట్టలేదే."

"నిన్ను నమ్మి చెప్పుకుంటే ఊరందరికీ పంచిపెడతావా అక్కా?"

చెల్లెలు కళ్లు తుడుచుకుని మళ్లీ ఆ బొమ్మనే చూసింది. తల్లి చెయ్యి మంచినీళ్ల గ్లాసు కోసం చాచి ఉంది. గ్లాసు అందడం లేదు. గది మొత్తం గుమ్మంలో నిలబడి చూసినట్టుగా గీసి ఉంది.

"నిద్రపోయానని మాత్రమే నీకు చెప్పాను. అమ్మ చెయ్యి చాచిన సంగతి నాకే తెలియదు. నువ్వేమో అంతా అయిపోయాక, సాయంత్రం వచ్చానన్నావు."

అక్క మైకు తీగను వేలికి చుట్టుకుంది.

"మధ్యాహ్నమే వచ్చాను" అంది చివరికి. "లోపలికి రావడానికి భయమేసిందే."