జెయింట్ వీల్ పైన కాసేపు

జెయింట్ వీల్ పైదాకా వెళ్లి ఆగిపోయింది. ఎడిన్‌బరో క్రిస్మస్ దీపాలన్నీ కాళ్ల కింద మిణుకుమంటున్నాయి. కర్స్టీ కళ్లు గట్టిగా మూసుకుని, కాబోయే అత్తగారి చెయ్యి పట్టేసుకుంది. ఆవిడ అంతకంటే గట్టిగా పట్టుకుంది.

"మీకూ భయమేనా?"

"చచ్చేంత! నీకు సరదా అని ఫెర్గస్ చెబితే ఎక్కానమ్మాయ్," అంది ఐల్సా.

"అయ్యో, మీకే ఇదంటే ప్రాణమని నాతో చెప్పాడు!"

ఇద్దరూ కిందికి తొంగిచూశారు. పెళ్లికొడుకు ఫెర్గస్ వేడి వైన్ చప్పరిస్తూ హుషారుగా చెయ్యూపుతున్నాడు. పెళ్లి వచ్చే నెలే. ఈ అత్తాకోడళ్లవి మాత్రం ఇంకా ముక్తసరి మాటలే.

"దొంగ వెధవ!" ఐల్సా పకపకా నవ్వింది. "నిజం చెప్పనా? నువ్వు లాయరువి. నోరు తెరిస్తే ఏం తప్పు పడతావోనని నాకు బెదురు."

"నేనేమో మీకు నచ్చలేదనుకున్నా."

చక్రం కుదుపుతో కదిలింది. ఇద్దరూ కెవ్వుమని అరిచి, మళ్లీ నవ్వుకున్నారు.

"ఎలా ఉంది?" దిగగానే అడిగాడు ఫెర్గస్, ముసిముసిగా నవ్వుతూ.

"బ్రహ్మాండం. నువ్వింటికి పో. మేం టీ తాగొస్తాం. నీ చిన్ననాటి ఘనకార్యాలు నా కోడలికి బోలెడు చెప్పాలి."

ఆమె నోట కోడలన్న మాట రావడం అదే మొదలు. కర్స్టీ ఆమె చెయ్యి మళ్లీ పట్టుకుంది.

ఫెర్గస్ మొహంలో మాత్రం నవ్వు మాయమైంది.