మైకులో చెప్పిన వరద

“ముందు ఆ విత్తనాల మూటలు పైకెక్కించు, తర్వాత వాదిద్దువుగాని!” పొద్దున్నే ఉదయగిరి బస్సు దిగి నేరుగా కొట్లోకి వచ్చిన కామాక్షమ్మ, చేతిలో సంచి కూడా దించకుండా కొడుకు మీద కేకలేసింది.

రాజమోహన్ వీధిలోకి తొంగిచూశాడు. అక్టోబరు నెలయినా ఆత్మకూరు బజారంతా ఎండ మండిపోతోంది.

“చినుకు లేదు, వరదేందమ్మా? ఎవురు చెప్పినారు నీకు?”

“నిన్న మీ అక్కోళ్ళ అరుగు మీద కూర్చోనుంటే మైకులో అరిచి మరీ చెప్పినారురా! పెద్ద వరదొస్తాది, ఇప్పుడే జాగ్రత్తపడండి, నవ్వినోళ్ళంతా మునిగిపోతారు అని. గొడ్డూగోదా కూడా లోపలికి తోలుకోవాలంట.”

మైకులో చెప్పారంటే మండలాఫీసు వాళ్ళే అయ్యుంటారు. రాజమోహన్ కొట్లోకి తిరిగి చూశాడు. తన ఎరువుల కొట్టు పల్లంలో, వాగు పక్కనే ఉంది. చేజర్ల రైతుల కోసం తెప్పించిన వరి విత్తనాలు, యూరియా అన్నీ నేలమీదే ఉన్నాయి. అవి తడిస్తే కొట్టు మూసుకోవడమే. పైగా తొంభైలు మొదలైనప్పటినుంచీ వానలకు ఒక వరసంటూ లేకుండా పోయింది. కురవకపోతే చుక్క ఉండదు, కురిస్తే కుండపోత.

సాయంత్రానికల్లా సరుగుడు గుంజలు పాతించి, మనిషెత్తు అటక వేయించి, సరుకంతా దానిమీదికి ఎక్కించాడు.

“ఏంది రాజమోహనా, ఎండకు భయపడి అటకేస్తుండావా?” ఎదురు కొట్టు పెంచలనరసయ్య పడీపడీ నవ్వాడు.

ఆ వారంలోనే వాన పట్టుకుంది. వాగు పొంగి బజార్లో నడుం లోతు నీళ్ళు నిలిచాయి. పెంచలనరసయ్య నవ్వు సంగతి మరిచిపోయి, తన మూటలు మోసుకొచ్చి ఆ అటక మీదే పెట్టుకున్నాడు. రాజమోహన్ సరుకులో ఒక్క గింజ తడవలేదు. నీళ్ళు తగ్గాక రైతుల చేతికి పొడి విత్తనాలు అందిస్తుంటే అతని కళ్ళు చెమర్చాయి. బజారు వాళ్ళంతా వచ్చి అటక కొలతలు తీసుకున్నారు. ఇకమీదట ప్రతి కొట్లోనూ ఇలాంటిది ఉండాల్సిందేనన్నారు.

“ఆ చెప్పినాయనకు చేతులెత్తి మొక్కాలమ్మా. మన కూడు నిలబెట్టినాడు,” అంటూ రాజమోహన్ పూలదండ కొని, తల్లిని వెంటబెట్టుకుని ఉదయగిరి మండలాఫీసుకు వెళ్ళాడు.

గుమాస్తా సైమన్ దండను చూసి తెల్లబోయాడు. “మేం మైకు పెట్టలేదే! ఎప్పుడు చెప్పినారు?”

“వరదకు ముందు ఆదివారం సార్, పొద్దున.”

“ఆదివారం ఆఫీసే తెరవం గదన్నా! మేమంతా చర్చిలో ప్రసంగం వింటా ఉంటిమి.” సైమన్ ముసలామె వైపు తిరిగాడు. “ఆయన పేరేమన్నా చెప్పినారా అవ్వా?”

“చెప్పకేం నాయనా!” అంది కామాక్షమ్మ, కళ్ళకద్దుకున్నంత భక్తిగా.

“ఎవరో నోవహు గారంట, పెద్ద ఓడ కూడా కట్టినాడంట.”