వెనక సీటు చప్పుడు

"బండికేం రోగం లేదు యాకయ్యా. సప్పుడంత మా ఆమె చెవులల్లనే ఉన్నది," అన్నాడు జగపతి.

"మూడు నెలల సంది మొత్తుకుంటున్న, ఎనక ఎడమ దిక్కు గుర్రుమంటుందని," అంది సునంద. "బండిని నీకు చూపెట్టమంటే, నన్ను జనగామ తోల్కపోయి చెవుల డాక్టరుకు చూపెట్టిండు!"

మెకానిక్ యాకయ్య నవ్వాపుకోలేకపోయాడు.

"నవ్వు తర్వాత," అంది సునంద. "రేపు భూపాలపల్లి పోయి బిడ్డను, దాని పసిపిల్లను తీసుకరావాలె. జల్ది చూడు."

"అయితే నువ్వు ఎనక కూసో అన్నా. వదిన సీట్ల," అన్నాడు యాకయ్య జగపతితో.

"నేనా?"

కారు కొని నాలుగేళ్లైనా జగపతి వెనక సీటు మొహం చూడలేదు. నడిపేవాడికి వినపడనిది చప్పుడే కాదని ఆయన లెక్క.

యాకయ్య పాలకుర్తి రోడ్డెక్కించాడు. బండి కుడికి తిరిగిందో లేదో, జగపతి కింద పిండిగిర్ని మొదలైంది. నడుము దాకా గుర్రుమంది.

"ఆపు! ఆపు!"

షెడ్డుకొచ్చి జాకీ పెట్టి ఊపితే, ఎడమ చక్రం ఊడే పన్నులా కదిలింది.

"బేరింగ్ ఖతమైంది అన్నా. రేపు తొవ్వల చక్రమే ఊడుతుండె."

రేపు ఆ సీట్లో కూర్చునేది ఒళ్లో పసిపిల్లతో కూతురు. జగపతి ఆ చక్రాన్ని తానే మరోసారి ఊపి చూశాడు.

"జర గట్టిగ చెప్పొద్దా మరి?" అన్నాడు భార్యతో, మెల్లగా.

సునంద సంచిలోంచి ఆ డాక్టరిచ్చిన చెవి చుక్కల సీసా తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పూటకు రెండు చుక్కలు. రెండు చెవులల్ల ఏస్కో."