వెబ్‌సైటుకు ముహూర్తం

“మౌసుకు పసుపు చాలు మామా. ఇంకా పూస్తే అది కదలదు.”

“దానికీ మంచి జరగద్దా ఏంది?” అంటూ పట్టాభి కంప్యూటరుకు కూడా బొట్టు పెట్టాడు. కోడలు ప్రవల్లిక తల పట్టుకుంది.

శుక్రవారం ఉదయం తొమ్మిది గంటలు. పదిన్నరకు రాహుకాలం. అందుకే తొమ్మిదీ ఇరవైకి ముహూర్తం పెట్టుకున్నారు. పుదుచ్చేరి బజారులోని ఆ ఇత్తడి సామాన్ల అంగడి ముందు పక్క అంగళ్లవాళ్లంతా అప్పుడే చేరారు. వాళ్లకు మిఠాయి మీద ఎంత ఆశో, పోయినసారి తమాషా మళ్లీ జరుగుతుందేమోనని అంతకన్నా ఆశ.

పోయినసారి అంటే 2005లో. ఇంతమంది ముందే అంగడి వెబ్‌సైటు తెరుద్దామని పట్టాభి బటన్ నొక్కితే తెల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. బజారులో కొత్త అంగడి ఎవరు తెరిచినా బోణీకి పట్టాభి చెయ్యే కావాలంటారు. అలాంటి చేతికి మాట వచ్చింది. ఆయన నెల రోజులు ఎవరి అంగడికీ బోణీకి వెళ్లలేదు.

రెండేళ్లు ఆగి, సైటును కొత్తగా చేయిస్తానని కోడలు బతిమాలితే ఒకే మాటన్నాడు. “ముహూర్తానికి ముందు తెరవనని చేతిలో చెయ్యి వెయ్యి. ఇదీ ముణిగితే ఇంక కంప్యూటరు మాటెత్తకూడదు.”

ఆమె చెయ్యి వేసింది. మాట తప్పింది కూడా.

“అక్కా, మామగారికి చెప్పినావా?” సైటు తయారుచేసిన ప్రభు గుసగుసగా అడిగాడు.

“ఏమని? ఆయన విల్లియనూరు గుడికి పోయిన పూట చూసి మంగళవారమే తెరిచేసినామనా?”

“నలుగురి ముందు తొలిసారి తెరిస్తే మళ్లీ పాత కతే అయితాదని నేనే గదా చెప్పినా. మూడు దినాలుగా ఒక్క తప్పు లేదు. ఆర్డరు కూడా వచ్చె.”

వచ్చింది. అదే ఆమె బాధ. తెరిచిన గంటకే విల్లియనూరు నుంచి సౌందరరాజన్ అనే ఆయన చిలక దీపం కావాలన్నాడు. అంగట్లో మిగిలింది ఒకటే. పోత పోసేటప్పుడే దాని చిలక ముక్కు పక్కకు వంగిపోయింది. ఆ సంగతి సైటులో రాసే పెట్టింది. అయినా అదే కావాలన్నాడు. ప్రవల్లిక తానే గడ్డి చుట్టి, అట్టపెట్టెలో పెట్టి పంపింది. పంపిందే గాని, మొదటి బోణీ మామ చేతిది కాకుండా పోయిందే అని అప్పటినుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

“మరి ఇప్పుడు ఆయన నొక్కే బటనో?”

“దేనికీ తగిలించలేదక్కా. నొక్కితే పూలు రాలతాయి, అంతే.”

తొమ్మిదీ ఇరవై అయింది. పట్టాభి కళ్లు మూసుకుని నొక్కాడు. తెర నిండా మల్లెపూలు రాలాయి. పూల వెనక బిందెలు, చెంబులు, గంటలు ఒక్కొక్కటే మెరుస్తూ వచ్చాయి. బజారంతా చప్పట్లు కొట్టింది. పట్టాభి తన చేతిని ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆ నవ్వు చూసి ప్రవల్లిక ఇంక ఆగలేకపోయింది.

“మామా, నీకొక మాట చెప్పాల. నేను చేతిలో చెయ్యి వేసి...”

“మాటలు తరువాత. ముందు కంప్యూటరు పక్కన దీపం పెట్టమ్మా. ఆ గుడ్డసంచిలో ఉంది, తియ్యి.”

“అంగట్లో ఇన్ని దీపాలుంటే సంచిలోది ఎందుకు మామా?”

“అమ్మే సరుకును వెలిగించకూడదు. ఇది నేను డబ్బిచ్చి కొన్నది.”

ప్రవల్లిక సంచిలో చెయ్యి పెట్టి దీపం బయటికి తీసింది.

చిలక ముక్కు వంగి ఉంది.