వెనక కాలి మీద చార

"ఈ డబ్బా పొలాలకి పంపొద్దు సార్. ఇందులో ఉన్నవి మనం పెంచినవి కావు," అంది చెల్లెలు, మైక్రోస్కోపు మీంచి తలెత్తి.

డైరెక్టర్ మొహం మాడ్చుకున్నాడు. బయట వ్యాను సిద్ధంగా ఉంది. కందిరీగల్ని పెంచి పొలాలకి పంపే ఆ ల్యాబులో అక్కాచెల్లెళ్లిద్దరూ టెంపరరీ వాళ్లే. ఖాళీగా ఉన్న ఒక్క పర్మనెంటు పోస్టూ చెల్లెలికే వస్తుందని అందరూ అనుకుంటున్నారు.

ఆమె ఓపిగ్గా వివరించింది. రెండు రకాలూ అచ్చు గుద్దినట్టుంటాయి. తేడా అంతా వెనక కాలి మీద వెంట్రుకంత తెల్లచారలోనే ఉంది. చార లేనిది పైరుని తినే గొంగళిపురుగులో గుడ్లు పెట్టి దాన్ని చంపుతుంది. చార ఉన్నది, ఆ గొంగళిలో పెరుగుతున్న మంచి కందిరీగ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటినే చంపేస్తుంది. దాన్ని వదిలితే పైరు దక్కదు.

డైరెక్టర్ కళ్లజోడు సవరించుకుని చూశాడు. ఏ చారా కనిపించలేదు. అక్కని పిలిపించాడు.

అక్క తాపీగా కూర్చుని, మైక్రోస్కోపు కింద గాజుపలక మీద మత్తులో ఉన్న కందిరీగని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చార లేదు సార్. లైటు మెరుపు, అంతే. అన్నీ మనవే."

"సరిగ్గా చూడక్కా."

"చూశానే. నీ కళ్లే ఈమధ్య అలిసిపోతున్నాయి."

చెల్లెలు మళ్లీ చూసింది. చార ఉన్నట్టే ఉంది. కానీ ఈ పని తనకి నేర్పింది అక్కే. కళ్లు నులుముకుని ఇంకోసారి చూసింది. ఈసారి ఉందో లేదో తేల్చుకోలేకపోయింది.

డైరెక్టర్ కేకలేయలేదు. తన కళ్లనే నమ్మలేని మనిషితో ఈ పని సాగదని, రేపట్నుంచి రానక్కర్లేదని చెప్పాడు. పోస్టు అక్కకే ఇస్తున్నానని, డబ్బాకి సీలు వేసి పంపమని చెప్పి వెళ్లిపోయాడు.

చెల్లెలు అక్క భుజం మీద తల వాల్చి ఏడ్చింది. "నువ్వు చూడబట్టి సరిపోయింది. లేకపోతే మంచి పురుగుల్ని పారబోయించేదాన్నక్కా."

అక్క ఆమె తల నిమిరింది. కంటి డాక్టరుకి చూపించుకోమంది. గేటు దాకా వెళ్లి సాగనంపింది.

తిరిగొచ్చి గది తలుపు గడియ వేసింది. డబ్బాని వేడినీళ్లలో ముంచి, లోపల కదలిక ఆగిపోయేదాకా నొక్కి పట్టుకుంది. ఆ తర్వాత బీరువా తెరిచి, పొద్దున తనే మార్చి దాచిన అసలు డబ్బాని బయటికి తీసి సీలు వేసింది.