మూడో పిలుపు

"మా దగ్గర సముద్రంలో పోయినవాళ్లు పడవ పక్కకొచ్చి చెంబు అడుగుతారు. ఇస్తే, దాంతోనే నీళ్లు పోసి పడవ ముంచేస్తారు. అందుకని అడుగులేని చెంబు ఇస్తాం."

ఇనప ఖనిజం కోసం వచ్చిన జపాన్ ఓడ నావికుడు మొరిటా ఇంగ్లీషులో చెప్పినదాన్ని, రేవు గుమాస్తాని గనక, నేనే తెలుగు చేశాను. పక్కనే పోతమ్మ చేపలు ఎండేస్తోంది. మొగుణ్ణి సముద్రం మింగి ఏడాది కాలేదు. ఆమె ముందర ఈ కబుర్లేమిటని నాకు చిరాగ్గానే ఉంది.

వల బాగుచేస్తున్న ఆమె తమ్ముడు అర్జునరావు నవ్వాడు.

"మా దెయ్యాలు సెంబులడగవు బాబూ. పేరెట్టి పిలుత్తాయి, రెండుసార్లే. పలికితే లాక్కుపోతాయి. మూడోసారి పిలిత్తే మడిసి. అందాకా మేం పలకం."

"నువ్వెప్పుడైనా విన్నావా?" మొరిటా తరఫున అడిగాను.

"ఇన్నాను. పోయిన పుష్యంలో, మంచులో. బావ ఎనకాల తెడ్డు కాడే ఉన్నాడనుకున్నాను. నీళ్లలోంచి 'అర్జునా' అని రెండుసార్లు. అచ్చం బావ గొంతే. నాను పలకనేదు. మూడోసారి..."

అతని చేతిలో సూది ఆగిపోయింది.

పోతమ్మ లేచి నిలబడింది. "ఆ రోజే గదరా మీ బావ మునిగిపోయింది. అరుపైనా ఇనబడనేదన్నావు."

మొరిటా నావైపు చూశాడు. ఆగమని అతనికి చెయ్యి చూపాను.

"అర్జునా," అని పిలిచింది పోతమ్మ.

అతను తలెత్తలేదు.

"అర్జునా."

అతను సూది మళ్లీ వలలో గుచ్చాడు.

"మూడోసారి కూడా పిలవాలేటిరా?"