పోలిక

"మాటల్లేని ఇద్దరు ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి పక్కపక్కన మోకరించడం బాగుండదమ్మా. ముందు దేవకుమారితో మాట్లాడి రా," అన్నారు పాస్టరు సంజీవరావు అయ్యగారు, చర్చి మెట్ల మీద నిలబడి.

రెబ్కాకి ఒళ్లు మండింది. "నాకే చెబుతారేంటయ్యగారూ? పెద్ద తోడికోడలు ఆవిడ. ఆవిడకి చెప్పండి."

"నిన్న సాయంత్రమే చెప్పాను."

"ఏమంది?"

"ఏమీ అనలేదు."

"అదీ సంగతి," అంది రెబ్కా.

తగాదా చిన్నదే, వాళ్లే పెద్దది చేసుకున్నారు. పంపకాల్లో మిరప కల్లం మెరక వైపు దేవకుమారికి వచ్చింది. అక్కడ ఒక్క కుప్పకే చోటు. పల్లం వైపు రెబ్కాకి వచ్చింది, దాంతోపాటు వానకి కప్పే బరకం పట్టా కూడా. మొన్నామధ్య మబ్బు పడితే దేవకుమారి పట్టా అడిగింది. "మెరక నీదేగా అక్కా, పట్టా ఎందుకు?" అని రెబ్కా మొహం మీదే అనేసింది. అప్పట్నుంచీ ఎడమొహం పెడమొహం.

"దేవుడి బిడ్డలం అంటాం. బిడ్డలో తండ్రి పోలిక కనపడొద్దా?" అన్నారు అయ్యగారు. "ఆ పోలిక ఒక్కసారిగా రావాలనడం లేదు. మిరపకాయ కూడా చెట్టున మెల్లగానే పండుతుంది. రంగు తిరగడమన్నా మొదలవ్వాలి కదమ్మా."

రెబ్కా మూతి ముడుచుకుని లోపలికెళ్లి కూర్చుంది. ప్రార్థన సగంలో దేవకుమారి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మండుతున్న అరచేతుల్ని నోటితో ఊదుకుంటోంది. ఆదివారం పొద్దున కూడా కాయ వదల్లేదన్నమాట మహాతల్లి, అనుకుంది రెబ్కా.

ప్రసంగం మొదలైందో లేదో రేకుల మీద వాన దబదబా మొదలైంది. రేడియో వాడు ఈ వాన ఊసే ఎత్తలేదు. కల్లాల్లో కాయ ఉన్నవాళ్లంతా లేచారు. అందరికంటే ముందు రెబ్కా పరుగెత్తింది. ఇంట్లో ఉన్న పట్టా నెత్తిన వేసుకుని కల్లానికి చేరి, పల్లంలో ఉన్న కుప్పని నిండా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి, చుట్టూ మట్టి ఎగదోసింది. ఏడాది కష్టమంతా అక్కడే ఉంది మరి.

మెరక మీది కుప్ప తడుస్తూ కనపడింది. తడవనీ, అనుకుంది. అనుకోగానే లోపల చురుక్కుమంది. అయినా అటు వెళ్లలేదు.

వాన వెలిసింది. అయ్యగారు గొడుగుతో వచ్చారు, వెనకే దేవకుమారి. ఆమె పట్టా అంచు ఎత్తి చూసి, పొడిగా ఉన్న కాయ ఒకటి చేతిలోకి తీసుకుంది. "నా కాయ కాపాడావా రెబ్కా?" అంది.

రెబ్కా వంగి చూసింది. కుప్ప నిండా తెల్లబడ్డ తాలు కాయలు. తను ఏరిన కుప్పలో ఒక్క తాలు కాయ ఉండదు. గబగబా మెరక ఎక్కింది. అక్కడున్నదే తన కాయ. పైపొర తడిసిందంతే, నీళ్లన్నీ కిందికి జారిపోయాయి.

అయ్యగారి మొహం వెలిగిపోయింది. "ఇదమ్మా తండ్రి పోలికంటే. పదండి, ఇద్దరూ బల్లకి రండి."

నోరు మూసుకుంటే సరిపోయేది. రెబ్కా వల్ల కాలేదు.

"కాదయ్యగారూ. నేను మంచిదాన్నై కప్పలేదు. నాదనుకుని కప్పాను. అక్క కాయ తడిస్తే తడవనీ అనుకున్నాను." ఏడుపు ఆగలేదు ఆమెకి. "కుప్పలు ఎట్లా తారుమారయ్యాయో ఆ దేవుడికే తెలియాలి."

దేవకుమారి మండుతున్న చేతుల్తోనే ఆమె భుజం పట్టుకుంది.

"తెల్లారుజామున పడమట మబ్బు చూశానే. పట్టా అడగడానికి నాకు నోరు రాలేదు. అందుకని నీ కాయ మెరక మీదికి మోసి, నాది పల్లంలో పోశాను."